ఉదయగిరి కొండ గాల్లో తేలాలంటే: డిజిటల్ ఫాంటసీ దృశ్యాల వెనక పనిచేసే లెక్కలు

నెల్లూరు, ఒంగోలు లాంటి ఊళ్లలో బొమ్మలు వేసే కుర్రకారు చేతుల్లోకి డిజిటల్ పెన్ను వచ్చి కొన్నేళ్లయింది. గేమ్‌ల మీద ఇష్టంతోనో, తెర మీద చూసిన గాల్లో తేలే రాజ్యాల మీద మోజుతోనో చాలామంది ముందుగా పట్టుకునేది ఫాంటసీ దృశ్యాన్నే. ఒక కొండ, దాని మీద కోట, వెనక పెద్ద చందమామ, పక్కనే జలపాతం. అన్నీ పెట్టినా బొమ్మ పేలవంగానే ఉంటుంది. ఏ బ్రష్ వాడాలి, ఏ టాబ్లెట్ కొనాలి అన్న ప్రశ్నలు అక్కడ మొదలవుతాయి. దొరికే జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఒకరు బ్రష్ ప్యాక్ కొనమంటారు, ఒకరు 3డి నేర్చుకోమంటారు, ఏఐ ఉండగా ఇంకా చేత్తో వేయడమెందుకు అంటారు ఇంకొకరు.

క్లుప్తంగా: ఫాంటసీ దృశ్యానికి గాంభీర్యం తెచ్చేవి మెరుపులు, బ్రష్‌లు కావు. వెలుగు నీడల అమరిక, గాలి వల్ల తెలిసే దూరం, చూసేవాడి కంటి ఎత్తును బట్టి తెలిసే పరిమాణం, ఈ మూడే బొమ్మను నిలబెడతాయి. వీటిని నేర్చుకోవడానికి కావలసిన కొండలు, కోనలు, క్వారీలు ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోనే ఉన్నాయి. ఎన్నడూ చూడని మంచుకొండను ఊహించి వేయడం కన్నా చూసిన కొండను మార్చి వేయడం సులువు, ఫలితం కూడా మెరుగు.

## అయోమయానికి కారణం

నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది వీడియోల మీద ఆధారపడతారు. ఎనిమిది గంటల పనిని రెండు నిమిషాలకు కుదిస్తే అందులో కంటికి ఆనేది చివరి భాగమే. మాంత్రికుడి కర్ర నుంచి వెలుగు, గాల్లో నిప్పురవ్వలు, మబ్బుల మీద బంగారు అంచు. మొదటి అరగంటలో చిత్రకారుడు బూడిద రంగు ముద్దలు నాలుగు పెట్టి, వాటిని అటూ ఇటూ జరిపి, చెరిపి మళ్లీ పెట్టిన భాగం రెండు సెకన్లలో దాటిపోతుంది. బొమ్మ భవిష్యత్తు తేలేది ఆ అరగంటలోనే. చూడటానికి బోరుగా ఉంటుంది కాబట్టి ఎవరూ దాని దగ్గర ఆగరు.

పరికరాల ప్రచారం రెండో కారణం. పెన్ను ఒత్తిడిని 8192 స్థాయిల్లో గుర్తిస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది. 2048 స్థాయిల పాత టాబ్లెట్‌తో వేసిన కొండకూ దీనితో వేసిన కొండకూ తేడా చెప్పడం దాదాపు అసాధ్యం. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ఫోటోషాప్ 1990 నుంచి ఉంది, ఐప్యాడ్‌లో ప్రొక్రియేట్ ఉంది. పైసా ఖర్చు లేని క్రిటాలో కూడా లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే ముసుగులు), బ్లెండ్ మోడ్‌లు (పై పొర కింది పొరతో కలిసే పద్ధతులు) అన్నీ ఉన్నాయి. తెర లేని మామూలు టాబ్లెట్ (దాని మీద పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది), క్రిటా ఉంటే ఈ వ్యాసంలో చెప్పేవన్నీ చేసుకోవచ్చు.

## నల్ల పలక నేర్పే పాఠం

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన తరానికి ఒక సంగతి తెలియకుండానే తెలుసు. పలక నల్లగా ఉంటుంది, బలపంతో దాని మీద వెలుగును చేరుస్తాం. కాగితం మీద దీనికి తిరగబడిన పని, తెలుపు మీద నలుపును చేర్చడం. డిజిటల్ కాన్వాస్ కాగితంలా తెల్లగా తెరుచుకుంటుంది కాబట్టి కొత్తవాళ్లు ఆ తెలుపు మీదే గీతలు గీయడం మొదలుపెడతారు. నాటకీయ దృశ్యానికి అది బాగా నప్పదు. ముందు కాన్వాస్ మొత్తాన్ని మధ్యస్థ బూడిద రంగుతో నింపి, అక్కడి నుంచి ముదురుకూ లేతకూ వెళ్లడం మేలు. అప్పుడు వెలుగు ఎక్కడ పడాలో చిత్రకారుడే నిర్ణయిస్తాడు, బొమ్మలో మిగిలిపోయిన తెలుపు నిర్ణయించదు.

ఈ దశలో బొమ్మ అగ్గిపెట్టెంత ఉంటే చాలు. మూడే మూడు ఛాయలు, ముదురు, మధ్యస్థం, లేత. అవి సమానంగా ఉండకూడదు. కాన్వాస్‌లో ఎక్కువ భాగాన్ని ఒక ఛాయ ఆక్రమించాలి, రెండోది అందులో సగం ఉండాలి, మూడోది చిటికెడు. ఆ చిటికెడు ఛాయ ఎక్కడుంటే కన్ను అక్కడికి వెళుతుంది. మూడూ సమపాళ్లలో ఉంటే చూపు ఎక్కడా నిలవదు. పేలవంగా ఉన్న బొమ్మల్లో చాలావాటి జబ్బు ఇదే.

రంగులోకి వెళ్లాక ఈ లెక్క తప్పడానికి ఒక సాంకేతిక కారణం ఉంది. తెర మీద పూర్తి ఎరుపు, పూర్తి ఆకుపచ్చ, పూర్తి నీలం మూడింటికీ రంగుల డబ్బాలో ‘బ్రైట్‌నెస్’ 100 అనే చూపిస్తుంది. కంటికి అవి సమానం కావు. తెల్లటి వెలుగులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21 శాతం, నీలానిది 7 శాతమే. అంటే డబ్బాలో 100 చూపించే నీలం కంటికి చీకటి లాంటిదే. రాత్రి దృశ్యంలో నీలి మాంత్రిక కాంతిని ఎంత దట్టంగా పూసినా వెలగడం లేదని వాపోయేది ఇందుకే. అది వెలగాలంటే నడిమధ్యన దాదాపు తెలుపు ఉండాలి, నీలం దాని అంచుల్లోనే ఉండాలి. లెక్క సరిగా ఉందో లేదో చూసుకోవడానికి అన్నిటికన్నా పైన ఒక లేయర్‌ను నలుపుతో నింపి ‘కలర్’ మోడ్‌లో పెడితే చాలు, బొమ్మ మొత్తం బూడిద రంగులో కనిపిస్తుంది. రంగును తీసేసే మామూలు డీశాచురేట్ ఆదేశాన్ని నమ్ముకోకూడదు. చాలా సాఫ్ట్‌వేర్లలో అది మూడు రంగులకూ ఒకే తూకం వేస్తుంది.

## దూరాన్ని చూపించేది గాలి

ఈ రెండు జిల్లాలకూ తూర్పున సముద్రం, పడమట వెలిగొండలు, నల్లమల. వాన వెలిసిన సాయంత్రం మైదానంలో నిలబడి పడమటికి చూస్తే కొండలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. దగ్గరి వరస ముదురు ఆకుపచ్చ, దాని వెనకది నీలం, ఇంకా వెనకది ఆకాశంలో దాదాపు కలిసిపోయిన బూడిద నీలం. చెట్లు అన్నిచోట్లా ఆకుపచ్చవే. మారింది మధ్యలో ఉన్న గాలి మందం.

గాలిలోని అణువులు నీలి కాంతిని ఎరుపు కన్నా చాలా ఎక్కువగా చెదరగొడతాయి. దీన్నే రేలీ పరిక్షేపణం అంటారు. అలా చెదిరిన కాంతి మనకూ కొండకూ మధ్య పలచటి తెరలా పరుచుకుంటుంది. దీని ప్రభావం నీడల మీద ఎక్కువ, వెలుగు పడిన చోట్ల తక్కువ. దూరపు కొండలో ముందు చచ్చిపోయేది నలుపే. పదిహేను కిలోమీటర్ల దూరంలోని లోయలో కారునలుపు పెట్టిన బొమ్మ ఎందుకు అతకదో ఇప్పుడు తెలుస్తుంది. ఆ నలుపు కొండను లాక్కొచ్చి ముంగిట్లో పెడుతుంది.

సముద్రం ఒడ్డున కథ వేరు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో గాలి నిండా తేమ, ఉప్పు తుంపర. ఆ కణాలు అణువుల కన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. అందుకే అక్కడి దూరం నీలంగా ఉండదు, పాలు కలిపినట్టు తెల్లగా ఉంటుంది. ప్రకాశం ఎండాకాలంలో దుమ్ము లేచినప్పుడు అదే దూరం మట్టిరంగుకు తిరుగుతుంది. మూడు రకాల గాలి, మూడు రకాల దూరం. ఫాంటసీ చిత్రకారుడికి ఇది అక్షయపాత్ర లాంటిది. మరో లోకం అని చెప్పడానికి రెండు సూర్యుళ్లను పెట్టనక్కర్లేదు. గాలి రంగును లేత ఆకుపచ్చకు మార్చి, ఆ ఒక్క నియమాన్ని అన్ని వరసలకూ తప్పకుండా వర్తింపజేస్తే చూసేవాడు ఆ లోకాన్ని నమ్ముతాడు.

కాన్వాస్ మీద చేసే పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. ఒక్కో కొండ వరసకు ఒక్కో లేయర్. రెండు వరసల మధ్య దిగంతం దగ్గరి ఆకాశపు రంగుతో ఒక పలచటి పూత, దాని ఒపాసిటీ (వెనకున్నదాన్ని కప్పే దట్టం) 30 శాతం. ఒక పూత వెనక ఉన్న కొండకు సొంత రంగు 70 శాతం మిగులుతుంది. రెండు పూతల వెనక 49 శాతం, మూడింటి వెనక 34 శాతం. ప్రకృతిలో కూడా దూరం పెరిగేకొద్దీ రంగు తగ్గేది ఇలా హెచ్చవేత పద్ధతిలోనే, కూడిక తీసివేత పద్ధతిలో కాదు. ఒక్కో వరసనూ కంటి అంచనాతో విడిగా లేతచేస్తూ పోతే ఎక్కడో ఒకచోట వరస తప్పుతుంది. ఈ పూతల పద్ధతిలో తప్పదు.

## గిరి, కోన, చెరువు

పదకొండో శతాబ్దంలో చైనాలో సాంగ్ వంశం కాలపు చిత్రకారుడు గువో షీ కొండలను చూసే దూరాలను మూడుగా విభజించాడు. కొండ అడుగు నుంచి శిఖరాన్ని చూస్తే అది ఎత్తు దూరం. కొండ ముందు నిలబడి దాని వెనక లోతుల్లోకి తొంగిచూస్తే లోతు దూరం. దగ్గరి కొండ నుంచి దూరపు కొండలను చూస్తే సమతల దూరం. ఎత్తు దూరంలో రంగులు స్వచ్ఛంగా, లోతు దూరంలో బరువుగా ముదురుగా, సమతల దూరంలో కొంత వెలుగు కొంత మసకగా ఉంటాయని కూడా గమనించాడు.

ఈ ప్రాంతపు ఊరి పేర్లలోనే ఆ మూడూ ఉన్నాయి. 1514లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న దుర్గం ఉదయగిరి, సుమారు 3 వేల అడుగుల కొండ. కింద నిలబడి తలెత్తితే ఎత్తు దూరం. భైరవకోనలో ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, రెండు వైపులా రాతి గోడలు. అది లోతు దూరం. కంభం చెరువు కట్ట మీద నుంచి నీళ్లకు అవతల కొండలు చూస్తే సమతల దూరం. ఒక బొమ్మలో ఈ మూడింటిలో ఒకటే పెత్తనం చేయాలి. మూడూ ఒకేసారి పెడితే కన్ను పైకి చూడాలా, లోపలికి చూడాలా తేల్చుకోలేక బొమ్మ బలం చెదిరిపోతుంది.

భైరవకోన గురించి స్థానికంగా చెప్పుకునే మాట ఒకటి ఉంది. కార్తీక పౌర్ణమి నాడు వెన్నెల నీళ్ల మీద పడి, అక్కడి నుంచి గుడిలోని అమ్మవారి మీద ప్రసరిస్తుందని. వెలుగుతో కథ చెప్పడం అంటే ఇదే. గుహంతా చీకటి, నీటి మీది నుంచి వచ్చిన వెలుగు ఒక్కచోటే. కోన లాంటి లోతు దృశ్యానికి ఇంతకు మించిన అమరిక దొరకదు.

## ఎంత పెద్దదో తెలిసేది ఎలా

భారీతనం ఎప్పుడూ పోలికతోనే తెలుస్తుంది. దానికి మూలం దిగంత రేఖ. చదునైన నేల మీద చూసేవాడి కంటి ఎత్తులోనే దిగంతం ఉంటుంది. అందుకే దిగంత రేఖ ఒక మనిషి కళ్ల మీదుగా పోతే ఆ మనిషి మన ఎత్తువాడని అర్థం, మోకాళ్ల మీదుగా పోతే రాక్షసుడని అర్థం. కోట గుమ్మం అడుగు నుంచి దిగంత రేఖ దాకా ఉన్న ఎత్తుకు గుమ్మం ఎన్ని రెట్లుంటే, అది మన కంటి ఎత్తుకు అన్ని రెట్లు పెద్దదన్నమాట. ఈ ఒక్క లెక్క తెలియకే చాలా కోటలు బొమ్మరిళ్లలా మిగిలిపోతున్నాయి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీలను పైనుంచి చూసినవాళ్లకు దీని మీద వేరే పాఠం అక్కర్లేదు. నిలువుగా కోసిన రాతిగోడలు మెట్లు మెట్లుగా కిందికి దిగుతుంటాయి. అది ఎంత లోతో ముందు అంచనాకు అందదు. అట్టడుగున కదులుతున్న ఎక్స్‌కవేటర్ ఆటబొమ్మలా కనిపించిన క్షణంలో ఒక్కసారిగా అర్థమవుతుంది. గుండె జారినట్టయ్యే ఆ క్షణాన్నే ఫాంటసీ దృశ్యం కోరుకుంటుంది. బొమ్మలో ముందు మెట్లు చూపించాలి, తర్వాత ఎక్కడో ఒక మూల చిన్న మనిషినో బండినో పెట్టాలి. మనిషిని ముందే, మధ్యలోనే, పెద్దగా పెడితే ఆ క్షణం రాదు.

డీటెయిల్ పరిమాణం కూడా మాట్లాడుతుంది. దూరపు గోడ మీద పెద్ద పగుళ్లు, పెద్ద గడ్డిపోచలు వేస్తే గోడ చిన్నదైపోతుంది. జలపాతం విషయంలో ఈ తప్పు మరీ ఎక్కువ. చిన్న ధార లావాటి దారాల్లా పడుతుంది. వందల అడుగుల నుంచి పడే నీరు సగం దారిలోనే తుంపరై పొగలా విడిపోతుంది. ఎంత పెద్ద జలపాతమైతే అంత మెత్తటి అంచులు ఉండాలి.

చందమామ విషయంలో అందరూ కాస్త అతి చేస్తారు. నిజానికి ఆకాశంలో చంద్రుడు ఆక్రమించేది అర డిగ్రీయే. దాన్ని కొండంత చేయడంలో తప్పేమీ లేదు, అది ఫాంటసీ. కాకపోతే అంత పెద్ద చంద్రుడు కనిపించేది దూరాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్‌లో. ఆ లెన్స్‌లో ముందున్నవీ వెనకున్నవీ దగ్గర దగ్గరగా నొక్కుకుపోయి కనిపిస్తాయి. అదే బొమ్మలో ముందున్న బండరాయిని వైడ్ లెన్స్‌లో చూసినట్టు సాగదీస్తే రెండు కెమెరాల బొమ్మలను అతికించినట్టు ఉంటుంది.

## దగ్గరగా ఒక బొమ్మ

ఉదయగిరి లాంటి దుర్గం ఒకటి నేలను వదిలి గాల్లో తేలుతోందని అనుకుందాం. నెల్లూరుకు ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి కాలం నవంబరు, పొద్దుగూకే వేళ. వాన అప్పుడే ఆగింది. చూసేవాడు కొండకు తూర్పున, పొలాల మధ్య నిలబడి ఉన్నాడు.

సూర్యుడు కొండ వెనక ఉన్నాడు. అంటే మనకు కనిపించే ముఖమంతా నీడలో ఉంటుంది, కొండ అంచు మాత్రమే వెలుగుతుంది. ఇక్కడ చాలామంది కొండ ముఖం మీద బురుజులు, మెట్లు, కిటికీలు అన్నీ గీసేస్తారు. వద్దు. ఎదురు వెలుగులో కోటను గుర్తుపట్టించేది దాని ఆకారపు గీటే. బురుజుల తలలు ఆకాశం మీద స్పష్టంగా తెగాలి, లోపలి భాగం దాదాపు ఒకే ఛాయలో ఉండిపోవాలి.

తేలుతున్నట్టు నమ్మించేది కొండ కాదు, నేల మీద దాని నీడ. కొండ వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, సూర్యుడు దిగంతానికి 10 డిగ్రీల పైన ఉన్నాడంటే నీడ కొండ కింద పడదు. ఐదున్నర కిలోమీటర్లకు పైగా తూర్పుకు, అంటే మన వైపుకు, జరిగి పడుతుంది. చూసేవాడు ఆ నీడలోనే నిలబడి ఉండవచ్చు. ముందుభాగాన్ని ముదురుగా, మధ్యభాగాన్ని వెలుగులో ఉంచాలని శిక్షకులు చెప్పే సూత్రానికి ఇక్కడ కథలోనే కారణం దొరికింది. మనం చీకట్లో ఉన్నది కొండ సూర్యుడికి అడ్డంగా ఉంది కాబట్టి.

ఆ నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండకూడదు. సూర్యబింబం కూడా అర డిగ్రీ వెడల్పుంటుంది కాబట్టి కాంతి వచ్చిన దూరంలో సుమారు నూటపదో వంతు మేర అంచు మసకబారుతుంది. ఏటవాలుగా వచ్చే వెలుగు ఐదారు కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, అందుకని యాభై మీటర్లకు పైగా మెత్తటి అంచు. అంటే ఒక పొలం నుంచి పక్క పొలానికి వెలుగు మెల్లగా పెరగాలి. వరి మడుల్లో నిలిచిన నీళ్లు ఈ పనిని ఇంకా సులువు చేస్తాయి. నీడలో ఉన్న మడిలో ఆకాశం ప్రతిబింబిస్తూ అక్కడక్కడా పసుపు ముక్కలు మెరుస్తాయి.

కొండ అడుగు భాగం చివరి చిక్కు. అక్కడికి సూర్యకాంతి అందదు కాబట్టి నలుపు పూసేస్తారు. కానీ కింద వెలుగు పడిన పొలాలు, నీళ్లు ఉన్నాయి, అవి కాంతిని పైకి తిప్పికొడతాయి. అడుగు రాతి మీద వెచ్చటి మసక వెలుగు కొద్దిగా ఉండాలి. ఆ కొద్ది వెలుగే కొండకూ నేలకూ మధ్య ఖాళీ ఉందని చెబుతుంది.

## లేయర్ మోడ్‌ల లోపలి లెక్క

మల్టిప్లై, స్క్రీన్ అన్నవి మంత్రాలేమీ కావు, చిన్నపాటి లెక్కలు. నలుపును 0, తెలుపును 1 అనుకుంటే, మల్టిప్లై రెండు లేయర్ల విలువలను హెచ్చవేస్తుంది. 0.5 మీద 0.5 పెడితే 0.25. ఎప్పుడూ ముదరడమే తప్ప లేతబడదు, కాబట్టి నీడలకు పనికొస్తుంది. స్క్రీన్ దీనికి తిరగబడింది, అదే జత 0.75 అవుతుంది. పొగమంచుకు, వెలుగు కిరణాలకు ఇది సరిపోతుంది. కలర్ డాడ్జ్ భాగాహారం చేస్తుంది, అందుకే కాస్త తగిలించగానే తెలుపుకు ఎగబాకుతుంది. మెరుపు ఎక్కువైపోయి బొమ్మ చవకబారుగా కనిపించే చోట తొంభై పాళ్లు దీని పనే. బొమ్మ మొత్తంలో ఒక్కచోట, అదీ ఆ చిటికెడు లేత ఛాయ ఉన్న చోటే వాడితే దాని విలువ తెలుస్తుంది.

ఇంకో సమస్య రాత్రి ఆకాశంలో కనిపించే చారలు. మామూలు 8 బిట్ ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 2000 పిక్సెల్‌ల ఎత్తున్న ఆకాశంలో విలువ 40 నుంచి 60 దాకా మాత్రమే మారితే 20 మెట్లు, ఒక్కోటి 100 పిక్సెల్‌ల మందం. అవి పట్టీల్లా కనిపించక తప్పదు. 16 బిట్ ఫైలులో పనిచేయడం, చివర్లో సన్నటి నాయిస్ (ఇసక చల్లినట్టుండే చిన్న చుక్కలు) కలపడం దీనికి మందు.

## ఫోటోలు, 3డి, ఏఐ

తీసిన ఫోటోల ముక్కలను బొమ్మలో అతికించి పైన వేయడాన్ని ఫోటోబాషింగ్ అంటారు. గేమ్, సినిమా తయారీకి ముందు వేసే ఊహాచిత్రాల్లో, అంటే కాన్సెప్ట్ ఆర్ట్‌లో, సమయం ఆదా చేయడానికి విరివిగా వాడే పద్ధతి. కళ కాదనే వాదన దీని మీద ఉంది కానీ అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. భైరవకోనలో ఉదయం తీసిన రాతిగోడలో వెలుగు ఒకవైపు నుంచి, కంభంలో సాయంత్రం తీసిన కొండలో ఇంకోవైపు నుంచి వస్తుంది. రెండూ ఒకే బొమ్మలో అతకవు. మబ్బు పట్టిన రోజు తీసిన ఫోటోల్లో గట్టి నీడలు ఉండవు కాబట్టి రెఫరెన్స్‌కు అవే నయం. ఉచితంగా దొరికే బ్లెండర్‌లో నాలుగు దిమ్మెలు పేర్చి, సూర్యుణ్ణి ఒకచోట పెట్టి చూసుకుంటే నీడలు ఎటు పడతాయో నిమిషాల్లో తెలుస్తుంది. పైన చెప్పిన ఐదున్నర కిలోమీటర్ల లెక్క కూడా వేయనక్కర్లేదు.

ఏఐ బొమ్మల విషయంలో గందరగోళం ఎక్కువ. ఈ సాధనాలు కోట్లాది బొమ్మలను, వాటి వివరణలను చూసి, ఏ మాటలకు ఎలాంటి బొమ్మ ఎక్కువగా జతపడుతుందో నేర్చుకున్నవి. ఫాంటసీ అనగానే మంచుకొండ, పాశ్చాత్య కోట, నారింజ నీలం ఆకాశం రావడానికి కారణం అదే. నేర్చుకున్న వాటిలో అవే ఎక్కువ. వెలిగొండ రాతి పొరలు, తాటితోపులు, చెరువు కట్టలు వాటిలో అరుదు. మరో లోపం, కాంతి లెక్క చేసి కాకుండా అలవాటు మీద బొమ్మను తయారుచేస్తాయి కాబట్టి నీడలు, ప్రతిబింబాలు చాలాసార్లు పొంతన తప్పుతాయి. చూడగానే అబ్బ అనిపించి, కాసేపటికి ఏదో తేడాగా ఉందనిపించేది అందుకే. హక్కుల విషయంలో అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మనిషి సృజన ఉన్న భాగానికే రక్షణ అని చెబుతున్నాయి. ఆ మార్కెట్‌కు పనిచేసే ఫ్రీలాన్సర్లు దీన్ని గుర్తుంచుకోవాలి. సాదాసీదా బ్యాక్‌గ్రౌండ్‌ల పని తగ్గే అవకాశం ఉంది. తన చుట్టూ ఉన్న నేలను ఎరిగి వేసేవాడి అవసరం అంత త్వరగా తగ్గదు.

## తెర మీద నుంచి ఫ్లెక్స్ మీదికి

ఈ ఊళ్లలో డిజిటల్ బొమ్మ ఎక్కువగా చేరే చోటు ఫ్లెక్స్ షాపు. తెర కాంతిని వెదజల్లుతుంది, సిరా కాంతిని మింగుతుంది. తెర మీద జిగేల్‌మన్న ఊదా, నీలి వెలుగులు ముద్రణలో మట్టిగొట్టుకుపోవడం షాపువాడి తప్పు కాదు, ఆ రంగులు సిరాలో లేవంతే. బొమ్మ బలం రంగు జిలుగు మీద ఆధారపడి ఉంటే ఫ్లెక్స్ మీద ఏమీ మిగలదు. తెలుపు నలుపుల అమరిక మీద ఉంటే రంగు చచ్చినా దృశ్యం నిలుస్తుంది. పెద్ద ఫ్లెక్స్ వేయించే ముందు సిరాలో రంగులు ఎలా ఉంటాయో చూపే సీఎంవైకే ప్రివ్యూలో ఒకసారి చూసుకుని, అడుగు సైజు ముక్క ఒకటి ముద్రించుకుంటే ఖర్చు తక్కువలో సంగతి తేలుతుంది.

మిగిలినవాళ్లు చూసేది ఫోన్‌లో, అదీ బస్టాండులోనో టీ కొట్టు దగ్గరో ఎండలో. అక్కడ 255లో 20 కన్నా తక్కువ ఉన్న ముదురు ఛాయలన్నీ ఒకే నలుపు ముద్దగా కనిపిస్తాయి. గాల్లో తేలే ఆ దుర్గం కింద ఎంతో శ్రద్ధగా పెట్టిన మసక వెలుగు మొదట మాయమయ్యేది అక్కడే. కాబట్టి కొండ అడుగు ఛాయను 30, 35 దగ్గర ఉంచి, ఫోన్ పట్టుకుని మిట్టమధ్యాహ్నం వాకిట్లోకి వెళ్లి చూడాలి. కొండకూ నేలకూ మధ్య ఖాళీ అక్కడ కూడా కనిపిస్తే బొమ్మ పూర్తయినట్టే.